కౌంటరు కిటికీ: అక్క పేరు లేని కాగితం

గత సంచికలో నామినేషన్ గురించి నేను రాసిన నాలుగు మాటలకి ఈసారి పదకొండు ఉత్తరాలు వచ్చాయి. ఈ శీర్షిక మొదలైన దగ్గర్నుంచి ఇన్ని ఎప్పుడూ రాలేదు. డిపాజిట్ల వడ్డీ గురించి ఎంత కష్టపడి లెక్కలు కట్టి రాసినా పలకని పాఠకులు, పోయినవాళ్ళ డబ్బు ఎవరికి చెందుతుందనేసరికి కలం పట్టుకున్నారు. తప్పులేదు. ప్రతి ఇంట్లోనూ ఉన్న వ్యవహారమే కదా.

సోలాపూర్ సోదరి ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను. 'నామినీగా నా పేరే ఉంది, మరి డబ్బు నాదే కదా?' అని ఆవిడ అడిగారు. కాదమ్మా. బ్యాంకు మీ చేతికి ఇస్తుంది, అంతవరకే. మీరు దాన్ని వారసుల తరఫున పుచ్చుకున్నట్టు. భీమా పాలసీ విషయంలో సుప్రీంకోర్టు 1983లోనూ, బ్యాంకు డిపాజిట్ల విషయంలో 2010లోనూ ఈ మాటే చెప్పింది. భీమా చట్టాన్ని తర్వాత 2015లో మార్చి, తల్లిదండ్రులు, భార్య లేక భర్త, పిల్లలు నామినీలైతే సొమ్ము వాళ్ళదే అన్నారు. బ్యాంకు డిపాజిట్లకు ఆ మార్పు లేదు. 2025 నవంబరు 1 నుంచి ఒక్కరికి బదులు నలుగురి దాకా నామినీలుగా రాసుకోవచ్చు. నలుగురిని రాసినా వారసత్వం మాత్రం మారదు.

యానాం నుంచి రాసినావిడ ప్రశ్న చిన్నదే. మైనరు కొడుకు పేర డబ్బు వేయడానికి తండ్రి సంతకం తప్పదా అని. ఈ ప్రశ్న మీద రచయిత్రి గీతా హరిహరన్ రిజర్వు బ్యాంకుతోనే పోరాడి సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. కొడుకు పేర రిలీఫ్ బాండ్లు కొనబోతే తల్లి సంతకం చాలదన్నారట. 'తండ్రి, అతని తర్వాత తల్లి' అని 1956 నాటి చట్టంలో ఉన్న మాటలో 'తర్వాత' అంటే తండ్రి చచ్చిపోయాకే అని అర్థం చేసుకోనక్కర్లేదని, తండ్రి పట్టించుకోకపోయినా, దగ్గర లేకపోయినా తల్లే గార్డియన్ కావచ్చని 1999లో తీర్పు వచ్చింది. మీరు నిశ్చింతగా వెళ్ళి ఖాతా తెరవండి.

ఇక బ్రహ్మపురం నుంచి ఒక రిటైర్డు మాస్టారు రాసిన ఉత్తరం. 'మీరు వకీలు కారు, బి.కాం. చదివి బ్యాంకులో చేరారని మీరే ఒకసారి రాశారు. మరి ఈ చట్టాలన్నీ ఎక్కడ నేర్చుకున్నారు?' అని. ఈ సంచిక ఆ ఉత్తరానికి జవాబే. అయితే ఎక్కడ నేర్చుకున్నానన్నది ఒక ముక్కలో చెప్పొచ్చు గానీ, ఎందుకు నేర్చుకున్నానో, నేర్చుకున్నాక ఏమైందో చెప్పడానికి కాస్త చోటు కావాలి.

కొన్నేళ్ళ కిందట మా బ్రాంచిలో చనిపోయిన ఖాతాదారుల క్లెయిములు చూసే పని నాకు అప్పగించారు. ఎవరూ కోరుకోని సీటు అది. ఒకరోజు డెబ్భై దాటిన పెద్దాయన ఒకరు వచ్చారు. ముప్పై నాలుగేళ్ళ కొడుకు ప్రమాదంలో పోయాడు. పెళ్ళయింది, పిల్లలు లేరు. డిపాజిట్‌కి నామినేషన్ లేదు, వీలునామా లేదు. నేను ఫారం తీసి, మాకు ఇచ్చిన సూచనల పుస్తకం చూసి చెప్పాను: 'వారసులు ఇద్దరండీ. అబ్బాయి భార్య, అబ్బాయి తల్లి. వాళ్ళిద్దరి సంతకాలు కావాలి.' ఆయన కాసేపు ఊరుకుని 'మరి నేను?' అన్నారు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం మగవాడు వీలునామా రాయకుండా పోతే తల్లి మొదటి తరగతి వారసురాలు, తండ్రి రెండో తరగతి. మొదటి తరగతిలో ఒక్కరున్నా రెండో తరగతికి ఏమీ రాదు. అది చెప్పాను. ఆయన డబ్బు కోసం అడగలేదని నాకు ఆయన మొహం చూస్తేనే తెలిసింది. 'వాణ్ణి చదివించింది నేను బాబూ, ఆ కాగితంలో నా పేరు రాసే గడి ఒక్కటీ లేదా?' అన్నారు. తల్లి భర్తగా సాక్షి సంతకం పెట్టించాను. ఎందుకలా ఉంది చట్టం అని ఆయన అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ ఏడాదే ఒక విశ్వవిద్యాలయం వారి దూరవిద్యలో కుటుంబ చట్టం డిప్లొమాకి డబ్బు కట్టాను. యాభై దాటాక పుస్తకం పట్టుకుంటే మా ఆవిడ నవ్వింది. ఆదివారం క్లాసులకి వెళితే కుర్రాళ్ళు నేను పాఠం చెప్పడానికి వచ్చాననుకుని లేచి నిలబడ్డారు.

చదువు మొదలుపెట్టాక తెలిసింది, నేను పరాయి సరుకు చదవడం లేదని. మన ఆస్తి పంపకాలకి మూలమైన మితాక్షర రాసిన విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుల కాలంవాడు. ఆ కల్యాణి నేటి కర్ణాటకలోని బసవకల్యాణం. మన సభ్యులు కొందరికి బస్సులో పూట ప్రయాణం. దాన్ని పదమూడో శతాబ్దంలోనే కేతన తెలుగులో పద్యాలుగా పెట్టి విజ్ఞానేశ్వరీయం అన్నాడు. ఏడు వందల ఏళ్ళ కిందట ఒక తెలుగు కవి వాటాల గొడవని పద్యంలో పెట్టాడంటే, అప్పుడూ ఇళ్ళలో ఇవే మాటలు నడిచి ఉంటాయి. మితాక్షరలో ముఖ్యమైన మాట ఒకటుంది. కొడుక్కి తండ్రి ఆస్తిలో పుట్టుకతోనే హక్కు వస్తుంది, తండ్రి పోయేదాకా ఆగనక్కర్లేదు అని. బెంగాల్ వైపు నడిచిన దాయభాగంలో అలా కాదు. మనది పుట్టుకతో వచ్చే పద్ధతి. ఆ పుట్టడం మగపిల్లాడి పుట్టడమే అన్నది దానికి తోక.

మేనరికాల పాఠం రోజున క్లాసులో పెద్ద నవ్వులాట జరిగింది. 1955 నాటి హిందూ వివాహ చట్టం మేనమామ–మేనకోడలు, అన్నాచెల్లెళ్ళ పిల్లలు ఒకరినొకరు చేసుకోకూడని వరసలని రాసి, వెంటనే 'ఆచారం ఉంటే తప్ప' అని వదిలేసింది. ఆచారమంటే ఆ ప్రాంతానిదే కానక్కర్లేదు, ఆ కులానిదో, ఆ కుటుంబానిదో అయినా చాలు. అందుకే మహారాష్ట్రలోనో ఒడిశాలోనో తరాలుగా ఉంటున్న మన తెలుగువాళ్ళు పక్కింటివాళ్ళు ముక్కున వేలేసుకున్నా మేనరికం చేసుకోగలుగుతున్నారు. ఉత్తరాది కుర్రాడొకడు 'మీవాళ్ళలో నిజంగా ఎవరైనా అలా చేసుకున్నారా సార్?' అని అడిగాడు. 'మా అక్క మొగుడే నాకు మేనమామ' అన్నాను. వాడు కాగితం మీద బొమ్మ గీసుకుంటే గానీ అర్థం చేసుకోలేకపోయాడు. (ఆరోగ్యరీత్యా మేనరికాలు మంచివి కావని డాక్టర్లు చెప్పేది నాకూ తెలుసు. చట్టం సంగతి మాత్రమే రాస్తున్నాను.)

అసలు సంగతికి వస్తాను.

మాది హోసూరు దగ్గరి పల్లె. మేము నలుగురం. అన్నయ్య, అక్క, నేను, చెల్లెలు. అక్కని 1987లో మా అమ్మ తమ్ముడికే ఇచ్చారు. ఆయన కోలారు బంగారు గనుల్లో పనిచేసేవారు. చెల్లెలి పెళ్ళి 1994లో అయింది, మద్రాసులో ఉంటుంది. అమ్మ 2003లో పోయింది. నాన్న 2009లో, వీలునామా ఏమీ రాయకుండా పోయారు. ఉన్నది తాతగారి నాలుగెకరాల మెట్ట. తాతగారు 1952లోనే పోయారు కాబట్టి అది పిత్రార్జితమే, సందేహం లేదు.

2010లో అన్నయ్యా నేనూ పంపకం రాయించుకున్నాం. మా ఊళ్ళో దస్తావేజులు రాసే పెద్దాయన అందరికీ నమ్మకస్తుడు. ఆయన చెప్పాడు: 'మీ చెల్లెలి పెళ్ళి 89 తర్వాత అయింది. ఆవిడ చేత విడుదల పత్రం తీసుకోవాలి. మీ అక్కది 89కి ముందు. ఆవిడకి హక్కే లేదు, సంతకమే అక్కర్లేదు.' చెల్లెలికి రెండు లక్షలు పసుపు కుంకుమ కింద ఇచ్చి సంతకం చేయించాం. అక్కకి ఒక పట్టుచీర పెట్టాం. చెరి రెండెకరాలు రాసుకున్నాం.

ఆ పెద్దాయన మాట గాలిలోంచి పుట్టింది కాదు. ఆడపిల్లకి కూడా పుట్టుకతో హక్కు ఇచ్చే మార్పు ఒక్కో రాష్ట్రం ఒక్కో తేదీన చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5, తమిళనాడులో 1989 మార్చి 25, మహారాష్ట్రలో 1994 జూన్ 22, కర్ణాటకలో 1994 జూలై 30. నాలుగు చోట్లా ఒకటే షరతు: ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతురికి వర్తించదు. ఒడిశా ఈ మార్పు చేయనే లేదు. అంటే ఒకే తెలుగు కుటుంబం, ఒకే గోత్రం, ఒకే మేనరికం అయినా, 1990లో పెళ్ళయిన కూతురికి నెల్లూరులో భూమి ఉంటే వాటా, హోసూరులో ఉంటే వాటా, బళ్ళారిలో ఉంటే లేదు, బ్రహ్మపురంలో ఉంటే అసలే లేదు. ముహూర్తాలు పెట్టే పంతులుగారు ఈ తేదీలు చూసుకుని పెట్టి ఉంటే కొందరి జాతకాలు మారేవి.

2005 సెప్టెంబరు 9న కేంద్రం దేశమంతటికీ ఒకే మాట చెప్పింది. కూతురు కొడుకుతో సమానం, పుట్టుకతోనే. పెళ్ళి తేదీ ఊసు లేదు. తండ్రి ఆ రోజుకి బతికి ఉండాలా వద్దా అని కోర్టుల్లో కొన్నేళ్ళు వాదులాట జరిగి, 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో అక్కర్లేదని తేలింది. మా నాన్న ఎలాగూ 2009 దాకా ఉన్నారు. అంటే మేము పంపకం రాసుకున్న 2010కి ఆ దస్తావేజు రచయిత చెప్పిన చట్టం పోయి అయిదేళ్ళయింది. పాత పంపకాలకు ఇచ్చిన మినహాయింపు 2004 డిసెంబరు 20 లోపు జరిగినవాటికే. మాది దాని కిందికి రాదు.

పాఠం చదువుతూ చదువుతూ లెక్క వేశాను. కామర్సు వాడిని కదా, చెయ్యి ఊరుకోదు. 1989 కంటే ముందున్న చట్టమే నడిచి ఉంటే, నాన్న, ఇద్దరు కొడుకులు, మూడు వాటాలు. నాన్న మూడో వంతు నలుగురు పిల్లలకీ సమానం. అక్కకి పన్నెండో వంతు, నాలుగెకరాల్లో 33 సెంట్లు. తమిళనాడు చట్టం ప్రకారమైతే చెల్లెలు కూడా చేరి నాలుగు వాటాలు, నాన్న నాలుగో వంతులో అక్కకి నాలుగో భాగం, అంటే పదహారో వంతు, 25 సెంట్లు. (చూశారా, చెల్లెలికి న్యాయం చేసిన చట్టం అక్క భాగాన్ని ఎనిమిది సెంట్లు తగ్గించింది!) 2005 చట్టం ప్రకారం నలుగురికీ తలా ఎకరం. పాత చట్టమా కొత్త చట్టమా అని ఎంత వాదించుకున్నా, అక్కకి సున్నా వచ్చే చట్టం ఒక్కటీ లేదు. 'హక్కే లేదు' అన్న మాట ఏ సంవత్సరంలోనూ నిజం కాదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం భూమి కాదు. అదే 2010లో, పంపకమైన మూడు నెలలకి, అక్క నా బ్రాంచికి వచ్చింది. గనులు 2001లో మూతపడ్డాక మామయ్య ఏవేవో చిన్న పనులు చేసి ఇల్లు నడిపారు. వాళ్ళ అబ్బాయికి ఇంజనీరింగులో సీటు వచ్చింది. చదువు అప్పు కావాలి. నేనే ఎదురుగా కూర్చుని ఫారం నింపాను. అందులో ఆస్తిపాస్తుల వివరాలు రాసే గడి ఉంటుంది. నేను అక్కని అడగను కూడా అడగలేదు. 'లేవు' అని రాసి, సంతకం పెట్టమని వేలితో చోటు చూపించాను. పెట్టింది. అప్పు వచ్చింది, చాలని దానికి మెడలో గొలుసు తాకట్టు పెట్టింది. ఆ గొలుసు విడిపించుకోవడానికి వాళ్ళకి నాలుగేళ్ళు పట్టింది.

బ్యాంకు ఉద్యోగంలో నేను నింపిన ఫారాలు వేలల్లో ఉంటాయి. తప్పుడు వివరం రాశానని నాకు తెలిసినది అదొక్కటి.

ముందు అన్నయ్యతో మాట్లాడాను. ఫోనులో కాదు, ఊరికి వెళ్ళి. లెక్క అంతా కాగితం మీద వేసి చూపించాను. అన్నయ్య ఓపికగానే విన్నాడు. తర్వాత 'అక్క అడిగిందా?' అన్నాడు. లేదన్నాను. 'అడగనిదాన్ని నువ్వు తవ్వి తీస్తున్నావు. నీకు జీతముంది, పెన్షన్ వస్తుంది. నేను ఆ భూమి మీద బతికినవాణ్ణి. నాన్నకి ఆఖరి ఆరేళ్ళు అన్నం పెట్టింది మీ వదిన. ఆ లెక్క నీ పుస్తకంలో ఎక్కడుంది?' అన్నాడు. ఉంది, ఒక విధంగా ఉంది. తల్లిదండ్రుల్ని చూసే బాధ్యత కూతుళ్ళకీ ఉందని సుప్రీంకోర్టు 1987లోనే, మహారాష్ట్ర నుంచి వెళ్ళిన ఒక కేసులో చెప్పింది. ఆ తర్వాత 2007లో వృద్ధుల పోషణకు విడిగా చట్టమే వచ్చింది. కానీ వదిన వండిన అన్నానికి సెంట్లలో లెక్క కట్టే సెక్షను నాకు కనపడలేదు. ఆ మాటలో అన్నయ్య అన్యాయంగా మాట్లాడాడని ఇప్పటికీ అనలేను. అతను తన రెండెకరాల్లో ఒక ఎకరం 2015లోనే కూతురి పెళ్ళికి అమ్మేశాడు కూడా.

'కేసు వేయిస్తావా?' అని అడిగాడు చివరికి. 'నేను ఎవరి చేతా ఏమీ వేయించను. నా దగ్గరున్న అక్క భాగం నేను ఇచ్చేస్తాను' అన్నాను. ఎకరంలో సగం నా దగ్గర, సగం అతని దగ్గర ఉన్నట్టు లెక్క. 'నీ అరెకరం నీ ఇష్టం' అని లేచి వెళ్ళిపోయాడు. ఆ ఉగాదికి మా ఇంటికి రాలేదు. వదిన మాత్రం ఎప్పటిలాగే రాగులు పంపింది.

అక్కతో చెప్పడం ఇంకా కష్టమైంది. వాళ్ళింట్లో వంటగది గడప మీద కూర్చుని చెప్పాను, ఫారంలో 'లేవు' అని రాసిన సంగతితో సహా. మామయ్య ముందు గదిలో టీవీ చూస్తున్నారు. అక్క బియ్యం ఏరడం ఆపలేదు. 'నాకు తెలుసురా' అంది. నేను తెల్లబోయాను. '2005లో చట్టం వచ్చిందని పేపర్లో పడింది. మీ మామయ్య చదివి వినిపించారు. మీరు పంపకం రాసుకునేటప్పుడు పిలుస్తారేమో అనుకున్నాను.'

'అడగొచ్చు కదక్కా?'

'అడిగితే ఇచ్చేవారేమో. ఆ తర్వాత నేను పుట్టింటికి రావాలా వద్దా?'

నేనేమీ మాట్లాడలేదు. కాసేపటికి తనే, 'ఆ రోజు బ్యాంకులో నువ్వు ఆ గడి నింపుతుంటే చూశాను. నీకూ తెలియదేమోలే అనుకున్నాను. తెలిసి రాశావా, తెలియక రాశావా?' అంది. తెలియకనే రాశానన్నాను. 'అయితే సరే' అంది. పదిహేనేళ్ళుగా ఆ ప్రశ్న మనసులో పెట్టుకునే ప్రతి రాఖీకి, ప్రతి సంక్రాంతికి నాకు భోజనం వడ్డించిందన్నమాట.

అరెకరం పుచ్చుకోనంది మొదట. మామయ్య టీవీ కట్టేసి లోపలికి వచ్చి, 'వాడు మనకి దానం చేస్తున్నాడా? నీది నీకు ఇస్తున్నాడు. తీసుకో' అన్నారు. కిందటి నెల రిజిస్ట్రారు ఆఫీసులో పని పూర్తయింది. పట్టా మార్పుకి అర్జీ పెట్టాం. ఆఫీసులో గుమస్తా అక్కని 'సొంత ఆస్తి ఏమైనా ఉందా అమ్మా?' అని ఏదో ఫారానికి అడిగితే, అక్క నా వైపు చూసి నవ్వి, 'ఇప్పుడుంది, రాసుకో నాయనా' అంది.

సోలాపూర్ సోదరి ఉత్తరం చివర ఇంకో ప్రశ్న ఉంది, దాన్ని దాటేయకూడదు. ఆవిడకి పిల్లలు లేరు, భర్త పోయారు, టీచరుగా సంపాదించుకున్నది బ్యాంకులో ఉంది. తనని చూసుకుంటున్నది తన తమ్ముడి కుటుంబం. అమ్మా, మీరు వెంటనే వీలునామా రాయండి. రాయకపోతే, స్త్రీ స్వార్జితం పిల్లలూ భర్తా లేనప్పుడు ముందు భర్త తరఫు వారసులకి వెళుతుంది. పుట్టింటివాళ్ళ వంతు ఆ తర్వాతే. పెళ్ళయిన కొద్దికాలానికే భర్త పోతే అత్తింటివాళ్ళు వెళ్ళగొట్టిన ఒకావిడని పుట్టింటివాళ్ళు చదివించారు, ఉద్యోగం చేసింది, ఆమె పోయాక ఆ డబ్బు భర్త సోదరి కొడుకులకే చెందుతుందని 2009లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. సానుభూతి వేరు, చట్టం వేరు అన్నారు. తెల్లకాగితం మీద రాసి, మీరు సంతకం చేసి, ఇద్దరు సాక్షుల చేత సంతకం పెట్టిస్తే చాలు, స్టాంపు కాగితం అక్కర్లేదు.

రిజిస్ట్రారు ఆఫీసు నుంచి బస్టాండుకి నడుస్తుంటే అక్క అడిగింది: 'మరి చెల్లెలి సంగతేమిటి? ఎకరానికి రెండు లక్షలని దానికి చెప్పే సంతకం పెట్టించారా?'

ఆ రోజు చెల్లెలికి మేము చెప్పింది, 'ఊరికే, ఫార్మాలిటీకి ఒక సంతకం' అని. విడుదల పత్రం చట్టరీత్యా చెల్లుతుంది. రిజిస్టరైంది, సొమ్ము ముట్టింది, సాక్షులున్నారు. డిప్లొమా పరీక్షలో ఈ ప్రశ్నే వస్తే పూర్తి మార్కులు వచ్చేలా జవాబు రాయగలను. అక్కకి ఆ జవాబు చెప్పలేదు. వచ్చే ఆదివారానికి మద్రాసు రైలుకి టిక్కెట్టు తీసుకున్నాను. చెల్లెలికి మాత్రం ఊరికే చూడ్డానికి వస్తున్నానని చెప్పాను.